పదిహేనో గుంజ

మా యారాలు పోయిందన్న కబురు నల్లగొండ నుంచి పొద్దున వచ్చే బస్సులో వచ్చింది. దవాఖానలో ఆమె దగ్గరున్న మా బావ కండక్టరుతో చెప్పి పంపాడు. కండక్టరు బస్సు దిగి, మా వీధి మొదట్లో ఎదురైన మనిషి చెవిన వేసి, మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు నేను మా ఇంట్లో మగ్గం మీద ఉన్నాను. నాకంటే ముందు ఆ కబురు మగ్గాలకు తెలిసింది. వీధి మొదటింట్లో చప్పుడు ఆగింది. తర్వాత దాని పక్కింట్లో, ఆ తర్వాత ఎదురింట్లో. మా ఇల్లు ఆ చివర. నా దాకా వచ్చేసరికి వీధి మొత్తం మీద నా మగ్గం ఒక్కటే ఆడుతోంది. మా వీధిలో సగం ఇళ్లు సిలువకు మొక్కే మావాళ్లవి, సగం ఇళ్లు మార్కండేయుడికి మొక్కేవాళ్లవి. ఆ పూట రెండు రకాల మగ్గాలూ ఆగిపోయాయి.

నిజమే చెప్తాను. నాకు మొదట ఏడుపు రాలేదు. నేను పోతే ఎన్ని మగ్గాలు ఆగుతాయోనని మనసులో లెక్క వేసుకున్నాను. ఎంత సాగదీసినా ఐదు దాటలేదు. అందులో ఒకటి నాదే.

యారాలంటే తోటికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. పన్నెండేళ్లు పక్కపక్క ఇళ్లలో, ఒకే గోడకు అటూ ఇటూ కాపురం చేశాం. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. ఆమె కొప్పు బాగానే ఇమిడింది, ఇమడనిది నాదే. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచి రాయాలి. ఆమె మంచే రాస్తాను. కాని ఆ మంచిని చూసి నేనెంత కుళ్లుకున్నానో చెప్పకపోతే సగమే రాసినట్టవుతుంది. ఆమెకు చదువు రాదు, నాకు వచ్చు. అందుకని రాసే వంతు నాకు వచ్చింది. ఈ ఒక్క వంతు దగ్గర ఆమె నాకు పోటీ రాలేదు.

మన జిల్లాలు ఆంధ్రతో కలిసిన ఏడు నేను ఈ ఊరికి కోడలిగా వచ్చాను. పోచంపల్లికి ఆరేడు మైళ్లుంటుంది మా ఊరు. పుట్టింటి దగ్గర సిస్టర్ల బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అత్తగారింటికి తెచ్చుకున్న పెట్టెలో చీరల కింద సిలువ మార్గం పుస్తకం ఉండేది. దాని అట్టకు ఎర్ర గుడ్డ తొడుగు నేనే కుట్టుకున్నాను. ఆ ఊళ్లో ఆడవాళ్లెవరికీ అక్షరం ముక్క రాదని పెళ్లిచూపులప్పుడే విన్నాను. తపస్సు కాలం వస్తే చదివి నడిపించమని నన్నే బతిమాలుతారని, ఒకటి రెండుసార్లు వద్దని తర్వాత ఒప్పుకోవాలని అనుకుంటూ వచ్చాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఈస్టరు పండుగకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో, శుక్రవారం శుక్రవారం, మేము సిలువ మార్గం చేస్తాం. యేసు ప్రభువుకు మరణశిక్ష వేసిన చోటి నుంచి సమాధి దాకా పదునాలుగు చోట్ల ఆగి, మోకరించి, అక్కడేం జరిగిందో తలుచుకుంటాం. ఒక్కో చోటును ఒక్కో స్థలం అంటాం. పట్నంలో పెద్ద గుళ్లలో గోడలకు పదునాలుగు పటాలు ఉంటాయి. మా గుడి ఒంటిగది పెంకుటిల్లు, దానికి పటాలు లేవు. మాకున్నవి వీధిలోని గుంజలు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, ఆరబెడతారు. ఆ పడుగును ఆనించడానికి నాటిన కర్రలే ఈ గుంజలు. తపస్సు కాలంలో శుక్రవారం మధ్యాహ్నానికల్లా వీధిలో అందరూ పడుగులు ఎత్తేసేవాళ్లు, మార్కండేయుడి ఇళ్లవాళ్లు కూడా. ఒక్కో గుంజకు ఒక్కో తాటాకు సిలువ కట్టేవాళ్లం. మొదటి గుంజ మొదటి స్థలం. పదునాలుగోది, సమాధి, మా యారాలి ఇంటి ముందు.

మొదటి శుక్రవారం నేను పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి నిలబడ్డాను. నన్నెవరూ బతిమాలలేదు. అసలు నా వైపు చూడలేదు. మా యారాలు వచ్చి, మొదటి గుంజ దగ్గర గులకరాళ్లను పాదంతో పక్కకు నెట్టింది. తన కోసం కాదు, వెనక మోకరించే ముసలివాళ్ల కోసం. ప్రతి గుంజ దగ్గరా ఆ పని చేసేది. తర్వాత మోకాళ్లూని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

"ఒకటో స్థలం. తీర్పు చెప్పేటోడు చేతులు కడుక్కున్నడు. నీళ్లు ఖర్చయినయి గని చేతులు సాఫ్ కాలే."

పుస్తకంలో అట్లా లేదు. నేను వేలు పెట్టి వెతికాను, ఎక్కడా లేదు. ఆమె మాత్రం ఇంట్లో జరిగిన సంగతి చెప్తున్నట్టు చెప్పుకుంటూ పోయింది. వెనక ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. ప్రభువు సిలువ కింద పడిపోయిన స్థలాలు మూడున్నాయి. మూడోసారి పడ్డ చోట ఆమె ఇట్లా అంది. "మూడు మాట్ల పడ్డడు. అంటె మూడు మాట్ల లేసిండు గదా. పడ్డయే లెక్క రాసిన్రు. లేసినయి ఎవలు రాయలే."

ఆ రోజు ఇంటికొచ్చి పుస్తకం తెరిచి చూశాను. నిజమే. పడడానికి మూడు స్థలాలున్నాయి, లేవడానికి ఒక్కటీ లేదు. ఏడేళ్లు చదివినా నా కంటికి ఆనని సంగతి అది. పుస్తకం మూసి పెట్టెలో చీరల కింద ఇంకా లోపలికి తోశాను.

పదో స్థలంలో ప్రభువు బట్టలు ఊడదీస్తారు. ఆ గుంజ మార్కండేయుడి ఇళ్లవాళ్ల ముసలాయన ఒకరి వాకిలి ముందు పడింది. ఆయన ప్రతి శుక్రవారం అరుగు దిగి వచ్చి నిలబడేవాడు. "అతుకు లేకుంట నేసిన అంగి," అనేది మా యారాలు. "నేసినోని రెక్కల కష్టం వాళ్లకేం ఎర్క? చీట్లేసి పంచుకున్నరు." అప్పుడు ఆయన, ఏడాదికోసారైనా తప్పకుండా, "అతుకు లేకుంట ఎట్ల నేసిన్రు బిడ్డా?" అని అడిగేవాడు. "నాకు తెల్వది పెద్దయ్యా, తెలిస్తె మనం గూడ నేద్దుము," అని ఆమె మోకాళ్ల మీదే జవాబిచ్చేది. ప్రార్థన మధ్యలో ఈ ముచ్చటేమిటని నాకు ఒళ్లు మండేది. అసలు మంట ముచ్చట గురించి కాదు. ఆయన నన్నెప్పుడూ ఏమీ అడగలేదు.

ఆమె అన్ని పనులూ అట్లాగే చేసేది, తొందర లేకుండా, ఎవరికీ చూపించకుండా. జపమాల తెగిపోతే కొత్తది తెప్పించుకోలేదు. పడుగు దారానికి ముడులు వేసుకుని వాటి మీదే జపం చెప్పేది. అప్పట్లో పూజ లాటిను భాషలో ఉండేది. ఆమె జవాబులన్నీ తప్పులతో, అందరికంటే గట్టిగా చెప్పేది. వందల పోగుల మధ్య ఒక్కటి తెగినా చూడకుండానే వేలి కొసతో పట్టేది. పసిపిల్లల్ని ఎత్తుకుంటే ముందు నడినెత్తి వాసన చూసేది. ఆమెకు ముగ్గురు కొడుకులు, ముగ్గురూ గుండ్రాళ్లలా ఉండేవాళ్లు. నాకు పెళ్లయిన రెండో ఏట కొడుకు పుట్టాడు. నా చేతుల్లో గుక్కపట్టి ఏడ్చేవాడు ఆమె భుజం మీద వేస్తే ఊరుకునేవాడు. అప్పుడు వాణ్ణి లాక్కునేదాన్ని. వాడు మళ్లీ ఏడ్చేవాడు. అదీ ఆమె తప్పే అనిపించేది.

ఎనిమిదో నెలలో, వానల్లో, మూడు రోజుల జ్వరంతో వాడు పోయాడు.

ఆమె ముగ్గురూ వీధిలో ఆడుకుంటూనే ఉన్నారు. వాళ్ల గొంతులు వినలేక నేను తలుపు వేసుకున్నాను. ఆమె గంజి తెచ్చి గడప మీద పెట్టి పోయేది, నేను ముట్టేదాన్ని కాదు. గుడికి పోవడం మానేశాను. వానలు పోయాయి, చలి పోయింది, తపస్సు కాలం వచ్చింది. మొదటి శుక్రవారం సాయంత్రం తలుపు వెనక గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. స్థలాలు ఒక్కొక్కటే దగ్గరికి వస్తున్నాయి. పదునాలుగోది ఆమె ఇంటి ముందు అయింది. అయిపోయిందనుకున్నాను. అడుగులు ఆగలేదు. నా తలుపు ముందుకు వచ్చి ఆగాయి.

"పదిహేనో స్థలం," అంది మా యారాలు. "సమాధి మూసిన్రు. అందరు ఇండ్లకు పోయిన్రు. తల్లి ఒక్కతె ఉన్నది."

ఆ తర్వాత ఏమీ లేదు. పాట లేదు, జపం లేదు. అంతమంది ఆడవాళ్లు నా తలుపుకు అవతల ఊపిరి కూడా వినపడకుండా కూర్చున్నారు. కాసేపటికి లేచి వెళ్లిపోయారు.

నాకు ఏడుపు వచ్చిందని రాస్తే బాగుండేది. నాకు కోపం వచ్చింది. పదిహేనో స్థలమేమిటి? ఉన్నవి పదునాలుగే. తలుపు సందులోంచి చూశాను. నా వాకిలి ముందు ఒక గుంజ ఉంది, దానికి తాటాకు సిలువ కట్టి ఉంది. ఎప్పటి నుంచి ఉందో నేను గమనించలేదు. వానలకు చెదలు పట్టిన గుంజలు తీసేసి ఏటా కొత్తవి నాటుతూనే ఉంటారు. ఈ ఏడు ఒకటి ఎక్కువ నాటారు, మా యారాలికి లెక్క తెలియక దానికీ ఒక స్థలం అంటగట్టింది అనుకున్నాను. ఆ వారమంతా నా కడుపులో అదే రగిలింది. పిల్లవాడు పోయాక నాకు ఆకలి వేసింది ఆ వారమే. రెండో శుక్రవారం స్నానం చేసి, పెట్టె అడుగు నుంచి పుస్తకం తీసుకుని, ఏడు నెలల తర్వాత గడప దాటి వీధిలోకి వచ్చాను, ఆమె తప్పు పట్టుకోవడానికి.

ఆమె నన్ను చూసింది. జరిగి, తన పక్కన గులకరాళ్లు నెట్టి, చోటు చేసింది.

అప్పటి నుంచి ప్రతి ఏడూ పదిహేనో స్థలం నా వాకిట్లోనే. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్లు ఎవరి తలపులో వాళ్లు పడేవాళ్లు. మా వీధిలో బిడ్డను మట్టిలో పెట్టని ఇల్లు ఎక్కడుంది? నా వాకిలి, నా దుఃఖం, ఏడ్చేది మాత్రం అందరూ ఆమె మాటకు. రెండేళ్లు ఓర్చుకున్నాను. మూడో ఏడు, నెలకోసారి నల్లగొండ నుంచి వచ్చే ఫాదరుగారితో చెప్పేశాను. పుస్తకంలో లేనివి చెప్తున్నారు, లేని స్థలం కలిపారు, తెలిసినవాళ్లు నవ్వుతారు అన్నాను. ఫాదరుగారు పెద్దాయన, మెత్తని మనిషి. ఆమెను పిలిచి అడిగారు.

"ఈ పదిహేనో స్థలం ఎక్కడిదమ్మా?"

"గుంజ ఉండె ఫాదరు. ఒట్టిగ ఎట్ల దాటిపోవాలె?" అందామె.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, "పుస్తకం ఉన్నప్పుడు పుస్తకమే చదువుదాం. చదువు వచ్చిన అమ్మాయి ఉంది కదా," అన్నారు. నేను కోరుకున్నదంతా ఆ ఒక్క మాటలో నా చేతికి వచ్చింది. ఆమె తల వంచి ఆయన దీవెన తీసుకుంది. బయటికి వచ్చాక నాతో, "పుస్తకం నీది, గొంతు నీది చెల్లె. మోకాళ్లు ఎవలయి వాళ్లయే," అంది. దెప్పిందేమోనని చాలా రోజులు ఆ మాటను తిరగేసి మరగేసి చూశాను. దెప్పడం ఆమెకు చేతకాదు.

ఆ వారమే మా ఆయనతో పదిహేనో గుంజ పీకించాను. "నీ వాకిలి ముంగటిది, నీ ఇష్టం," అని ఆమె దాన్ని మోసుకుపోయి తన కొట్టంలో పెట్టుకుంది.

ఆరేళ్లు నేను చదివాను. బాగా చదివాను, ఎక్కడా తడబడలేదు. గాలికి పేజీలు లేస్తే పక్కనుండి పట్టుకున్నది ఆమే. పదో స్థలం దగ్గర ముసలాయన అరుగు మీది నుంచి లేవడం మానేశాడు. పదునాలుగో స్థలం చదివి నేను పుస్తకం మూస్తాను. ఆడవాళ్లు లేస్తారు. లేచి, ఇళ్లకు పోకుండా, ఎవరూ చెప్పకుండానే, నా వాకిలి దాకా నడిచి, గుంజ లేని ఆ గుంట చుట్టూ నిలబడతారు. కాసేపు మౌనంగా నిలబడి వెళ్లిపోతారు. గుంజనైతే పీకించగలిగాను. ఆ మౌనాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. వాళ్లు అక్కడ నిలబడి ఉన్నంతసేపూ ఇంట్లోకి వెళ్లి పుస్తకం పెట్టెలో సర్దుకునేదాన్ని. కొడుకు పోయాక నాకు ఒక ఆడపిల్ల పుట్టి దక్కింది. ఒక ఏడు ఆ పిల్ల కూడా వెళ్లి వాళ్ల మధ్య నిలబడింది.

పోయిన చలికాలం ఆమెకు ఆయాసం ముదిరింది. దవాఖానకు తీసుకుపోయే ముందటి రోజు మధ్యాహ్నం చూడడానికి వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. ముడుల దారం చేతిలోనే ఉంది. "జర సిలువ మార్గం సదువు చెల్లె," అంది. అది తపస్సు కాలం కూడా కాదు. పుస్తకం తెచ్చి చదివాను. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. పడిన చోటల్లా పెదవులు కదులుతున్నాయి, లేచిన సంగతి తనలో తాను చెప్పుకుంటోంది కాబోలు. పదునాలుగో స్థలం అయింది. పుస్తకం మూశాను. ఆమె కళ్లు తెరవలేదు. ఎదురుచూస్తోంది. దేని కోసమో నాకు తెలుసు. మూడు ముక్కల మాట. నా నాలుక చివర ఉంది. పుస్తకంలో లేదు కదా అని మింగేశాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది అక్కా."

"సరె," అని కళ్లు తెరిచింది. "నీ గొంతు మంచిది. నాకు మొదటి సంది ఆశ ఉండె, నేను గూడ గిట్ల సదివెటట్టయితె ఎంత బాగుండునని."

నన్ను చూసి ఆమె కూడా ఏదో కోరుకుంది. ఇన్నేళ్లలో అది నాకు తెలియలేదు. మర్నాడు బస్సెక్కించారు. నాలుగో రోజున, మొదట చెప్పిన ఆ కబురు వచ్చింది.

ఆమెను మన్ను చేసి వచ్చాక బావ తన ఇంటి ముందు పదునాలుగో గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను నీళ్లిచ్చి పక్కన నిలబడ్డాను. ఆయన నా వాకిలి వైపు చూస్తూ చెప్పాడు.

"గా గుంజ నేనే పాతిన బిడ్డా."

"ఏ గుంజ బావా?"

"నువ్వు పీకిచ్చినది. పడుగుకు దాని పని లేదు. పదునాల్గు సాలు. పాతుమన్నది, పాతిన."

"లెక్క తెల్వక పెట్టిందనుకున్న బావా," అన్నాను.

"పోగులు లెక్కపెట్టెదానికి పదునాల్గు తెల్వదా?" అన్నాడు. "నువ్వు తలుపేసుకొని పండినవు. బువ్వ తినకపోతివి. మేమేం చెయ్యాలె అంటె, ఏడుపుతోని రాకపోతె కోపంతోనన్న బయటికి వస్తది, సూడు, అన్నది. అందరికి ఎర్కే. నీకొక్కదానికి చెప్పొద్దని అందరితోని ఒట్టేయించుకున్నది."

వీధి మొత్తానికి తెలుసు. మా ఆయనకు తెలుసు. ముసలాయనకు తెలుసు. ఫాదరుగారి ముందు నవ్విన ఆడవాళ్లకు తెలుసు. ఆమె లెక్క తప్పని నేను పుస్తకం ఊపుతూ తిరిగినన్నాళ్లూ అందరూ నా వైపు చూసి ఊరుకున్నారు. నా ఓర్వలేనితనం ఒక్కటే నా సొంతమనుకునేదాన్ని. దాన్ని కూడా ఆమె ముందే కనిపెట్టి, దాని చేయి పట్టుకుని నన్ను గడప దాటించింది. అప్పుడు ఏడ్చాను. బావ ముందే, వాకిట్లోనే. ఆ ఏడుపులో సగం ఇంకా అసూయే. నా బిడ్డ కోసం నా కంటే ముందు ఆమె మోకరించిందన్న అసూయ.

ఈ ఏడు తపస్సు కాలం మొదటి శుక్రవారం పొద్దున బావ కొట్టంలోంచి ఆ గుంజ తెచ్చి నా వాకిట్లో పాత గుంటలోనే నాటాడు. మట్టి తొక్కుతుంటే చూశాను. కర్ర నడుమ, ఒకచోట, అరచేయంత మేర నల్లగా నునుపు తేలి మెరుస్తోంది. ఇదేమిటని అడిగాను.

"దాని తలనూనె," అన్నాడు. "నువ్వు పండిన దినాలల్ల రోజు తెల్లారంగ నీ వాకిలి సల్లి, గీడ్నె మోకాళ్ల మీద కూసోని నెత్తి ఆనిచ్చెది. గుంజ పీకినంక కొట్టంల పెట్టుకొని ఆడ గూడ గంతే."

ఆ రోజుల్లో నా వాకిలి చల్లింది మా అత్త అనుకున్నాను. చల్లింది ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు.

సాయంత్రం పదునాలుగు స్థలాలూ చదివాను. పుస్తకం మూసి నా కూతురి చేతికిచ్చి, అందరితోపాటు నా వాకిలి దాకా నడిచాను. గుంజ ముందు గులకరాళ్లు పాదంతో పక్కకు నెట్టాను. "పదిహేనో స్థలం," అన్నాను. "సమాధి మూసిన్రు. అందరు ఇండ్లకు పోయిన్రు. తల్లి ఒక్కతె ఉన్నది." నా గొంతు మంచిదే, కాని ఆ మాటలు ఆమె గొంతులోనే బాగుంటాయి. ముసలాయన అరుగు దిగి ఇక్కడి దాకా వచ్చి, తన ఊతకర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

మోకరించి గుంజకు నుదురు ఆనించాను. ఆమె నాకంటే పొడుగు. నా నుదురు ఆ నునుపుకు నాలుగు వేళ్ల కింద, గరుకు కర్రకు తగిలింది.

అందరూ వెళ్లాక కూడా నేను అక్కడే ఉండడం చూసి బావ దగ్గరికి వచ్చాడు. "జర లోతుకు దించుదునా బిడ్డా? నీకందుతది," అన్నాడు.

"వద్దు బావా. గట్లనే ఉండని," అన్నాను.

ఆయన ఇంట్లోకి వెళ్లేదాకా ఆగి, మోకాళ్ల మీద నిలబడి, మెడ సాచి, నుదురుతో ఆ నునుపును అందుకోవాలని చూశాను.